ఎర్రపెన్ను టీచరూ పలకక్కా

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటుంది. జీతం కాగితం మీద తప్ప అది ఎక్కడా కనిపించదు. బళ్లో పిల్లలకూ, వాళ్ల అమ్మానాన్నలకూ, గేటు ఎదురుగా పళ్లమ్మే మనిషికీ కూడా ఆమె ఎర్రపెన్ను టీచరే. చాటున అనుకునే పేరు కదా, ఆమెకు తెలియదనుకుంటారు. తెలియకేం, బ్రహ్మాండంగా తెలుసు. పైగా లోలోపల కాస్త గర్వం కూడా.

తప్పు కనబడితే ఆమె చెయ్యి ఊరుకోదు. అదొక జబ్బనుకోండి. కిరాణా కొట్టు బోర్డు మీద ఇంగ్లీషు అక్షరం ఒకటి ఎక్కువుందని కొట్టువాణ్ణి నిచ్చెన ఎక్కించి మరీ చెరిపించింది. ఒకసారి బస్సులో పక్క సీటావిడ తన కష్టం చెప్పుకుంటుంటే మధ్యలో ఆపి, ఆవిడ వాడిన ఇంగ్లీషు మాటను సరిచేసింది. పాపం ఆవిడ మిగతా కష్టమంతా మింగేసి కిటికీ వైపు తిరిగి కూర్చుంది. టీచరు మాత్రం ఒక మనిషికి మేలు చేశానన్న తృప్తితో దిగింది.

ఇది తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాడు. పగలంతా అచ్చుతప్పులు దిద్దీ దిద్దీ, సాయంత్రం ఇంటికొచ్చి మనుషుల్ని దిద్దేవాడు. కూతురు ఆకలి అని చెప్పాలన్నా ఇంగ్లీషులో చెప్పాలి, అది కూడా తప్పు లేకుండా చెప్పాలి, అప్పుడే కంచం ముందుకొచ్చేది. "నేనూ అలాగే నేర్చుకున్నాను, నాకేమైనా అయిందా?" అంటుంది ఆమె. లోకంలో పిల్లల్ని ఏడిపించిన ప్రతి పెద్దమనిషీ ఏదో ఒక రోజు అన్న మాటే అది.

ఆమె భర్త దర్జీ. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు అనుకుంటారు గానీ, ఉంది. "నేను ఒకటికి రెండుసార్లు కొలిచి అప్పుడు కత్తెర పెడతాను. మా ఆవిడ ముందు కత్తిరించేస్తుంది, కొలత తర్వాత" అంటాడు వచ్చిన వాళ్లతో. అదీ ఆమె వినేలాగే అంటాడు.

అలాగని ఆమె రాక్షసి కాదు సుమండీ. ఆమె సంచీలో పిల్లల కోసం పెన్సిళ్లు, ఊడిన గుండీలు కుట్టడానికి సూదీ దారం ఎప్పుడూ ఉంటాయి. ఎవరి అమ్మయినా రావడం ఆలస్యమైతే గేటు దగ్గర ఆ పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడేది ఈమే. పిల్లలంటే ప్రాణం. కాకపోతే ఆ ప్రాణం ఎప్పుడూ ఎర్ర సిరాలోనే బయటికొచ్చేది.

ఆ ఏడు ఆమెకు రెండో తరగతి ఇచ్చారు. బడి తెరిచిన కొత్తలో జంతువుల పాఠం మొదలైంది. మీ ఇంటి జంతువు గురించి ఇంగ్లీషులో ఒక్క మాట చెప్పండర్రా అంటే, ఒక పిల్ల లేచి కుక్కకు మూడు కాళ్లంది. క్లాసంతా గొల్లుమంది. టీచరు ఆ పిల్లను ముందుకు పిలిచి, గోడ మీది బొమ్మలో కాళ్లు వేలితో లెక్కపెట్టించి, "ఫోర్ లెగ్స్" అని అందరి ముందూ గట్టిగా అనిపించి, "వెరీ గుడ్, కూర్చో" అంది. అక్కణ్ణుంచి ఆవు దగ్గరికి వెళ్లిపోయింది. ఆ సంగతి ఆ రోజే మర్చిపోయింది కూడా. రోజుకు అలాంటివి ఎన్నో దిద్దుతుంది, ఏవని గుర్తుంటాయి?

చలికాలం వచ్చేసరికి ఆమెకో దిగులు పట్టుకుంది. ఆ దిగులు పేరు గువ్వ. కిటికీ పక్క బెంచీలో మోకాళ్లు దగ్గరికి లాక్కుని ముడుచుకు కూర్చుంటుందని తోటిపిల్లలే ఆ పేరు పెట్టారు. రాయమంటే ముత్యాల్లా రాస్తుంది. నోరు మాత్రం తెరవదు. బతిమాలినా, బుజ్జగించినా, కొత్త పెన్సిలు ఇస్తానన్నా కళ్లు దించుకుని తన బూట్ల వంక చూసుకుంటుంది. ఆ బళ్లో ఒక పద్ధతుంది. ఏడాది చివర హెడ్మాస్టరు ఒక్కో పిల్లనూ తన గదిలోకి పిలిచి ఇంగ్లీషులో మాట్లాడిస్తాడు. పెదవి విప్పని పిల్ల పైతరగతికి వెళ్లదు.

"ఆ పిల్లకు బుర్ర ఉందంటారా?" అని అడిగాడు హెడ్మాస్టరు ఒకరోజు.

"బుర్రకేం సార్, బంగారం. గొంతే రావడం లేదు."

"గొంతు రాకపోతే వచ్చే ఏడూ ఇక్కడే కూర్చోవాలి. తోటివాళ్లు పైకెళ్లిపోతే ఇంకా ముడుచుకుపోతుంది. చూడండి మరి, మీదే భారం."

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. పిల్ల వెనకబడిపోతే అది తన ఓటమి అనుకుంది. అంతకంటే కూడా, ఆ బూట్ల వంక చూపు తలుచుకుంటే ఆమెకు అన్నం సయించేది కాదు.

సరిగ్గా అప్పుడే బడికి టాబ్లెట్టు వచ్చింది. చిన్నపిల్లలకు ఇంగ్లీషు నేర్పే ఏఐ అందులో ఉందన్నారు. పిల్లలు మాట్లాడితే వింటుంది, తిరిగి మాట్లాడుతుంది, విసుగన్నది ఎరగదు. చూడ్డానికి పలకలా ఉంది, మాటేమో అక్క మాటలా ఉంది, కాబట్టి పిల్లలు దానికి పలకక్క అని పేరు పెట్టేశారు. శిక్షణ ఇవ్వడానికి వచ్చిన అమ్మాయి పోతూ పోతూ టీచరుకు ఒక కిటుకు చెప్పింది. "దీన్ని ఎలా నడుచుకోమంటారో ఇక్కడ రాసిపెట్టండి మేడమ్. కొత్తగా చేరిన టీచరమ్మాయికి చెప్పినట్టు మామూలు మాటల్లో రాస్తే చాలు, అలాగే నడుచుకుంటుంది."

"నాకంటే బాగా చెబుతుందా ఇది?" అని టీచరు మూతి ముడుచుకుంది. అయినా తరగతి వెనక పుస్తకాల బీరువా చాటున ఒక చిన్న బల్లేసి దాన్ని అక్కడ నిలబెట్టింది. పిల్లలు వంతులవారీగా వెళ్లి మాట్లాడి రావాలి. మొదట వెళ్లినవాడు డబ్బా. రాళ్లేసిన డబ్బాలా వాగుతూనే ఉంటాడు కాబట్టి వాడికా పేరు. వాణ్ని అక్కణ్ణుంచి లేపడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

గువ్వ వంతు వచ్చింది. వెళ్లి ఊరికే కూర్చుని వస్తుందిలే అనుకుంది టీచరు. నోట్సులు దిద్దుకుంటోంది. బీరువా వెనక నుంచి సన్నగా ఏదో వినిపించింది. ఎవరిదా గొంతు అని తలెత్తి చూస్తే పిల్లలంతా బెంచీల్లోనే ఉన్నారు, గువ్వ తప్ప. చేతిలో పెన్ను అక్కడే పెట్టేసి, చెప్పులు విప్పేసి, దొంగలా నడిచి వెళ్లి బీరువాకు చెవి ఆనించింది.

గువ్వ మాట్లాడుతోంది! సగం ఇంగ్లీషు, సగం తెలుగు, మధ్యలో నవ్వు. ఆగి ఆగి కాదు, ధారగా. పలకక్క మధ్యమధ్య "రియల్లీ? దెన్?" అంటోంది, పిల్ల మళ్లీ అందుకుంటోంది.

టీచరుకు ఒక కన్ను నవ్వింది, ఒక కన్ను మండింది. ఇన్ని నెలలు నేను కాళ్లావేళ్లా పడితే పలకని పిల్ల, నిన్నగాక మొన్న వచ్చిన ఈ గాజుముక్కతో కబుర్లాడుతుందా! కుళ్లు అనండి, కుళ్లే. కానీ దాని వెనకే ఇంకోటి తగులుకుంది. పిల్ల మాట మాటకూ తప్పే. ఒక్క వాక్యం తిన్నగా లేదు. ఈ పలకక్క ఒక్కదాన్నీ ఆపదేం? ఇలా వదిలేస్తే ఆ తప్పులే అలవాటైపోవూ? మొక్కై వంగనిది మానై వంగుతుందా?

ఆ సాయంత్రం ఆమెను ఆపి, "గువ్వ ఏం చెప్పిందండీ?" అని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేది. ఎక్కడెక్కడ తప్పు చెప్పిందో మాత్రం వరసగా అప్పజెప్పేది.

పిల్లలందరూ వెళ్లాక ఆమె పలకక్క ముందు కూర్చుని రాసింది. తప్పు వచ్చిన చోటే పిల్లను ఆపాలి. పాఠంలో ఎలా ఉందో అలాగే చెప్పించాలి. సరిగ్గా అనేదాకా ముందుకు వెళ్లనివ్వకూడదు. పాఠాల్లో వాక్యాలన్నీ కూడా ఎక్కించింది. పలకక్క బుద్ధిగా అలాగేనంది. ఆమెకు చాలా హాయిగా అనిపించింది. ఇక గువ్వకు ఢోకా లేదు, హెడ్మాస్టరు నోరెళ్లబెట్టాలి అనుకుంటూ ఇంటికెళ్లింది.

మర్నాడు గువ్వ అందరికంటే ముందే వంతు కోసం నిలబడింది. ఎగురుకుంటూ బీరువా వెనక్కి వెళ్లింది. కాసేపటికే వచ్చేసి, బెంచీలో మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత వంతు వచ్చినా లేవలేదు. నెమ్మదిగా మిగతా పిల్లలు కూడా జారుకోవడం మొదలెట్టారు. చివరికి డబ్బా కూడా మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఏరా, అప్పుడే అయిపోయిందా?" అని అడిగాడు పక్కవాడు.

"పలకక్క కూడా టీచరైపోయిందిరా" అన్నాడు డబ్బా నిట్టూరుస్తూ.

టీచరు వింది. వినకూడనిది వింటే ఎలా ఉంటుందో అలా నిలబడిపోయింది. తర్వాతి పిల్లను పంపి, తాను బీరువా చాటున నిలబడింది. "స్టాప్. సే ఇట్ అగైన్" అంటోంది పలకక్క. పిల్ల మళ్లీ అంది. "స్టాప్. సే ఇట్ అగైన్." గొంతు తియ్యగానే ఉంది. మాటలే తనవి. ఇంకాస్త వెనక్కి వెళ్తే తన నాన్నవి. కంచం ముందు నిలబడి, చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతూ, ఆకలి చచ్చిపోయిన రోజులు ఆమెకు గుర్తొచ్చాయి. నాకేమైనా అయిందా అని అడుగుతుంది కదా ఎప్పుడూ, ఆ రోజు మాత్రం ఆ మాట నోటికి రాలేదు.

ఇంట్లో భోజనాల దగ్గర ఈ సంగతంతా చెప్పింది. ఆమె కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. అంతా విని, నీళ్ల గ్లాసు పక్కన పెట్టింది.

"అమ్మా, నువ్వు మా షాపుకొస్తే నేను లోపలి గదిలోకి వెళ్లిపోతాను. గమనించావా?"

"స్టాకు చూసుకోవడానికని కదే?"

"స్టాకూ లేదు, గీకూ లేదు. కౌంటర్లో ఇంగ్లీషులో మాట్లాడాలి. రోజంతా గలగలా మాట్లాడతాను. నువ్వు ఎదురుగా ఉంటే నాలుక మడతపడిపోతుంది. చిన్నప్పుడు నీకు చెప్పాలనుకున్నవి బోలెడు ఉండేవమ్మా. మొదలుపెడితే చాలు, నువ్వు మాట దగ్గర ఆగిపోయేదానివి, నేను చెప్పేదాని దగ్గరికి వచ్చేదానివే కాదు."

కూతురు కోపంగా అనలేదు, అదే ఇంకా పెద్ద దెబ్బ. భర్త మెల్లగా, "చినిగినా పరవాలేదు, కుట్టుకోవచ్చులే" అని ఆమె కంచంలో ఇంకాస్త కూర వడ్డించాడు.

మర్నాడు బడి వదలగానే ఆమె బస్సు డిపోకు వెళ్లింది. గువ్వ నాన్న అక్కడ డ్రైవరు. ఆయన బస్సు దిగి చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"ఏమైందండీ టీచరుగారూ? మా పిల్ల ఏమైనా చేసిందా?"

"ఏమీ చేయలేదు బాబూ, అదే బాధ. ఇంట్లో కూడా ఇలాగే మాట్లాడదా?"

"మాట్లాడకపోవడమా! వసపిట్టండీ బాబూ. నోరు మూయించలేక చస్తున్నాం" అని నవ్వాడు.

అంతలో షెడ్డు చివర నుంచి గోధుమరంగు కుక్క ఒకటి ఆయన గొంతు విని పరిగెత్తుకొచ్చింది. పరుగేమిటి, గంతులు. దగ్గరికొచ్చి ఆయన బూట్లు నాకి, టీచరు చీర అంచు వాసన చూసి, తోక ఆడించింది. వెనక కాళ్లలో ఒకటి లేదు. ముందువి రెండు, వెనకది ఒకటి.

టీచరు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"దీని పేరు తుర్రండీ. మా అమ్మాయే పెట్టింది. చిన్నకూనగా ఉన్నప్పుడు చక్రం కింద కాలు పోయింది. ఇక బతకదులే అన్నాం. ఇదిగో ఇక్కడే కూర్చుని మా పిల్ల దూదితో పాలు పట్టి బతికించింది. దీనికి మూడు కాళ్లున్నాయని ఊరంతా చెప్పుకుని తిరిగేది. బడి తెరిచిన కొత్తలో మీకూ చెప్పిందట కదండీ, ఇంగ్లీషులో."

ఆమె కళ్లతోనే ఆ కాళ్లు మళ్లీ లెక్కపెట్టింది.

"ఆ రోజు ఇంటికొచ్చి ఏడుపు. టీచరు కాదన్నారు, నాలుగు అనిపించారు అని. నేనేమో టీచరుగారు చెప్పారంటే అదే రైటమ్మా అన్నాను. అప్పుడు అడిగింది చూడండి, 'అయితే మన తుర్రు తప్పా నాన్నా?' అని. నవ్వొచ్చింది నాకు. పిల్లలు కదండీ."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేకపోయింది. డిపోలో అందరూ చూస్తున్నా పట్టించుకోకుండా కింద కూర్చుని తుర్రు తల మీద చెయ్యి వేసింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మొండికేసేవాళ్లను చూసి లోకం నవ్వుతుంది. ఈ పిల్ల మొండికేయలేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. మొండికేసింది తను. కళ్లెదుట ఉన్న పిల్లను వదిలేసి గోడ మీది బొమ్మను నమ్మింది. ఆ తర్వాత ఆ మొండితనాన్నే పలకక్కకు కూడా నూరిపోసింది. బీరువా వెనక ఆ రెండో రోజు ఏం జరిగి ఉంటుందో ఆమెకు ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపించింది. పిల్ల ఎంతో ఆశగా తుర్రు కబురు మొదలెట్టి ఉంటుంది, పలకక్క ఆపి పాఠంలో ఉన్న నాలుగు కాళ్లూ అనిపించి ఉంటుంది. ఏడుపు ఆగలేదు ఆమెకు. డ్రైవరు కంగారుపడి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మర్నాడు పిల్లలు రాకముందే వెళ్లి, పలకక్కకు తాను రాసినదంతా తుడిచేసింది. దాని బదులు ఇంకోటి రాసింది. పిల్లలు చెప్పేది పూర్తయ్యేదాకా విను. ఆ తర్వాత ఏమైందో అడుగు.

క్లాసు మొదలవగానే ఆమె బల్ల వదిలి బెంచీల మధ్యకొచ్చి నిలబడింది. నిన్న తాను ఒక కుక్కను చూశానని ఇంగ్లీషులో చెప్పింది. దానికి మూడు కాళ్లంది.

"తప్పు టీచర్! ఫోర్ లెగ్స్!" అని అరిచాడు డబ్బా. క్లాసంతా విరగబడి నవ్వింది. టీచరు తప్పు చెప్పడమంటే వాళ్లకు అంతకు మించిన సంబరం ఏముంటుంది?

"కాదు నాన్నా, మూడే. నేను కళ్లారా చూశాను. ఇదివరకు ఒకరు చెబితే నేను వినలేదు. వాళ్లది రైటు, నాది తప్పు" అంది టీచరు. అని కిటికీ పక్కకు వెళ్లి గువ్వ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "తుర్రు నా చీర వాసన చూసిందమ్మా. బలే కుక్క. నన్ను క్షమిస్తావా?"

గువ్వ బూట్ల వంక చూడ్డం మానేసి టీచరు మొహం వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత మోకాళ్లు వదిలేసి కాళ్లు కిందికి జార్చింది. ఆ మధ్యాహ్నం బీరువా వెనక నుంచి సన్నని గొంతు మళ్లీ మొదలైంది.

ఆ రోజునుంచి టీచరు కూడా ఆ చిన్న బల్ల దగ్గర పక్కనే కూర్చునేది. అది ఆమెకు ఎంత కష్టమో ఆమెకే తెలుసు. దురద పుట్టిన చోట గోకకుండా కూర్చున్నట్టే. పెదవులు బిగబట్టేది, చేతులు ఒళ్లో ముడేసుకునేది. తప్పులు తర్వాత చెప్పుకోవచ్చు, అవెక్కడికీ పోవు అని తనకు తానే చెప్పుకునేది. పలకక్క "దెన్?" అన్నప్పుడల్లా ఆమె కూడా మెల్లగా "దెన్?" అనడం నేర్చుకుంది. గువ్వ కొన్నాళ్లు పలకక్కకే చెప్పింది. తర్వాత పలకక్కకు చెబుతూ టీచరు వైపు చూసేది. పోనుపోను పలకక్కను మర్చిపోయి టీచరుకే చెప్పడం మొదలెట్టింది.

పరీక్ష రోజు వచ్చింది. హెడ్మాస్టరు గది, పెద్ద బల్ల, దాని వెనక పెద్ద కళ్లజోడు. తరగతి టీచరు గోడవారగా కూర్చోవచ్చు గానీ నోరు మెదపకూడదు. గువ్వ కుర్చీ అంచున కూర్చుంది. నేలకు అందక కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

నీకు ఇష్టమైన జంతువు గురించి చెప్పమని ఇంగ్లీషులో అడిగాడు హెడ్మాస్టరు.

"మై డాగ్ తుర్రు" అంది గువ్వ. "తుర్రు త్రీ లెగ్స్."

హెడ్మాస్టరు చెడ్డవాడేం కాదు. ముద్దుగానే నవ్వాడు. "నో, నో. ఫోర్ లెగ్స్. సే, ఫోర్ లెగ్స్."

గువ్వ చూపు మెల్లగా బూట్ల మీదికి దిగింది. అయిపోయింది, మళ్లీ మొదటికే వచ్చింది అనుకుంది గోడవార కూర్చున్న టీచరు. లేచి అరవాలనిపించింది. అరిస్తే పిల్ల చెప్పాల్సింది తాను చెప్పినట్టవుతుంది, మళ్లీ ఆ పిల్ల మాట లాక్కున్నట్టే అవుతుంది. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని ఆగింది. ఆమె బతుకులో అంత కష్టపడి ఎప్పుడూ ఆగలేదు.

గువ్వ తలెత్తి టీచరు వైపు చూసింది. ఆమె కళ్లనిండా నీళ్లున్నాయి. గువ్వ మళ్లీ హెడ్మాస్టరు వైపు తిరిగింది.

"నో సార్" అంది. "త్రీ. మై టీచర్ సీ."

హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకుని గోడవారకు చూశాడు. ఈవిడ సంగతి ఆయనకు తెలియనిదా? నోరు మెదపకూడదన్నది కూడా మర్చిపోయి ఈపాటికి నాలుగు చోట్ల ఆపి సరిచేసి ఉండాలి. "ఏం టీచరుగారూ, దిద్దరేం?" అన్నాడు నవ్వుతూ.

"దిద్దడానికేం లేదు సార్" అంది ఎర్రపెన్ను టీచరు. "మూడే. నేను చూశాను."

హెడ్మాస్టరు ఆమెను ఒకసారి, పిల్లను ఒకసారి చూశాడు. తర్వాత బల్ల మీదికి ముందుకు వంగి, మరి ఆ నాలుగోది ఏమైందమ్మా అని అడిగాడు. గువ్వ కుర్చీలో వెనక్కి జరిగి, సర్దుకుని కూర్చుని, మొదటినుంచీ చెప్పడం మొదలెట్టింది.